చెరువులోకి గీసిన దారి

మార్తమ్మను చంపింది అంబులెన్సు డ్రైవర్ శివ. ఇందులో వాదన లేదు.

మూడేళ్ళుగా ఆమె భర్త దేవానందం ఎవరడిగినా ఇదే చెప్పాడు. చర్చిలో పాస్టరుకు చెప్పాడు. పోలీసు స్టేషన్లో రాసిచ్చాడు. దవాఖానా గేటు ముందు, నలుగురూ చూస్తుండగా, శివ చెంప పగలగొట్టి మరీ చెప్పాడు. ఆ మాట అబద్ధమని తెలిసినవాళ్ళు లోకంలో ఇద్దరే. ఒకడు దేవానందం. రెండోవాడు ఇప్పుడు అతని ఎదురుగా కూర్చుని ఫైలు తిరగేస్తున్నాడు.

“కూర్చో,” అన్నాడు భూషణం.

ఉప్పల్ రింగురోడ్డు పక్కన, టైర్ల దుకాణం పైన ఆ ఆఫీసు. బోర్డు మీద భూషణం టూర్స్ అండ్ ట్రావెల్స్ అని ఉంటుంది. తిరుపతికి టికెట్లు అడిగితే సీట్లు లేవంటారు. పదకొండేళ్ళుగా ఏ ఊరికీ సీట్లు లేవు. నిజానికి అది పేరులేని ఒక నిఘా విభాగం. భూషణం దాని చీఫ్. దేవానందం ఏజెంట్ పద్నాలుగు.

2011 అక్టోబరు. తెలంగాణ బంద్. కింద రోడ్డు మీద ఒక్క బస్సు లేదు.

“గైరోస్కోప్,” అన్నాడు భూషణం. “కొబ్బరికాయంత ఉంటుంది. క్షిపణికి ఎటు పోవాలో చెప్పేది అదే. నాచారం ఇండస్ట్రియల్ ఏరియాలో తయారైంది. మధ్యాహ్నం ఒంటిగంటలోపు మేడిపల్లి అవతల మన టెస్ట్ సెంటర్ గేటు దాటాలి.”

“బంద్ నాడా?”

“బంద్ నాడు రోడ్లు ఖాళీగా ఉంటాయని పైవాళ్ళు తేల్చారు.”

“పైవాళ్ళు ఢిల్లీల ఉంటరు సార్.”

భూషణం ఆ మాట వినిపించుకోలేదు. “సరిహద్దు అవతలి ముఠాకు ఆ కొబ్బరికాయ కావాలి. వ్యానులో జీపీఎస్ డబ్బా ఉంది. ఆ డబ్బా అమ్మిన కంపెనీ వాళ్ళదే. కూర్చున్నచోటి నుంచే డబ్బాలో దారి మార్చేస్తారు. చెంగిచెర్లలో గోడౌన్ సిద్ధంగా ఉంది. డ్రైవర్ స్క్రీన్ చూసుకుంటూ తనంతట తానే లోపలికి పోతాడు. షట్టర్ దిగుతుంది. అతను మళ్ళీ బయటికి రాడు.”

“డబ్బా పీకేస్తే?”

“పీకి ఆపేస్తే వాళ్ళ స్క్రీన్ మీద చుక్క పోతుంది, తెలిసిపోతుంది. రోడ్డు మీదే కాల్చి తీసుకుంటారు. అందుకని డబ్బా ఉంటుంది. నువ్వు క్లీనర్‌గా పక్కన ఉంటావు. రోజీ ఆ డబ్బాను సరిచేసింది.”

“రోజీ ఎవరి మనిషి?”

“మన మనిషి.” భూషణం కళ్ళజోడు తుడుచుకున్నాడు. “వాళ్ళ మనిషి కూడా.”

“డ్రైవర్ ఎవరు?”

భూషణం శివ ఫోటో అతని వైపు తిప్పాడు. చెప్పలేదు. చెప్పే పని లేదు.

“మార్చండి,” అన్నాడు దేవానందం.

“మారిస్తే అనుమానం వస్తుంది. నీకు గుండు కొట్టిస్తాం, మీసం తీయిస్తాం. గుర్తుపట్టడు.”

దేవానందం చదివింది ఆలేరు దగ్గర ఒక పల్లె బడిలో, ఏడో తరగతి వరకు. సర్వే పార్టీలో గొలుసు లాగే ఖలాసీగా చేరి, గీత చక్కగా కుదిరి పటాలు గీసేవాడయ్యాడు. 2007లో పటాలు దేశం దాటిపోతున్నాయని తెలిసినప్పుడు విభాగం అతని చేతికే పెన్ను ఇచ్చింది. పటాలు గీసేవాళ్ళకు ఒక పాత అలవాటుంది. దొంగను పట్టడానికి పటంలో ఒక అబద్ధం గీస్తారు. లేని సందు, లేని మలుపు. అది ఎవరి పటంలో కనిపిస్తే వాడే దొంగ. విభాగంలో దాన్ని ఎర దారి అనేవారు. దేవానందం నాచారం ఇళ్ళ వెనక నుంచి చెరువు కట్ట దాటించి తిన్నగా ఒక రోడ్డు గీశాడు. కట్ట దాటితే ఉన్నది నీళ్ళు.

ఆరు నెలల్లో ఆ రోడ్డు బజార్లోకి వచ్చిన జీపీఎస్ డబ్బాల్లో కనిపించింది. పటాలు అమ్మినవాడు దొరికాడు. కొన్న ముఠా దొరకలేదు. రోడ్డు తప్పని బయటపెడితే ముఠా మేలుకుంటుంది. “రోడ్డును అలాగే ఉంచవలెను” అని ఫైలు మీద రాసి సంతకం పెట్టింది దేవానందమే. అక్షరాలు గుండ్రంగా వచ్చాయని భూషణం మెచ్చుకున్నాడు కూడా.

రెండు నెలలకు మార్తమ్మకు ఛాతీలో నొప్పి వచ్చింది. దేవానందం డ్యూటీలో ఉన్నాడు. అంబులెన్సు డ్రైవర్ కొత్తవాడు, డబ్బా చెప్పినట్టు పోయాడు. బండి చెరువు కట్ట మీద ఆగింది. వెనక్కి తిప్పుకొచ్చేసరికి ఇరవై రెండు నిమిషాలు పోయాయి. దవాఖానాలో డాక్టరు ఆమె చెయ్యి పట్టి చూసి వదిలేశాడు.

శివ ఉద్యోగం పోయింది. దేవానందానికి మెడల్ వచ్చింది.

*

నాచారంలో సగం షట్టర్ దించిన ఇరానీ హోటల్. పదిన్నర. లుంగీ, మాసిన బనియను, గుండు మీద తువ్వాలు. దేవానందం కళ్ళజోడు అంచుల్లో సన్నటి అద్దాలున్నాయి. తల తిప్పకుండానే వెనక దూరంలో ఉన్నవీ దగ్గరగా చూడొచ్చు. చేతి గడియారం వెనక నొక్కుడు మీట ఉంది. నొక్కితే భూషణం పలుకుతాడు.

అద్దంలో ఎర్ర స్కూటర్ ఆగింది. నల్ల గాగుల్స్, ఎత్తు మడమల చెప్పులు, హోటలంతా నిండిపోయిన సెంటు వాసన.

“బిస్కెట్లు మెత్తబడ్డాయా?” అంది రోజీ. అది కోడ్.

“బంద్ కదా. ఎండకు పెట్టెటోళ్ళు లేరు,” అన్నాడు దేవానందం. అది జవాబు.

ఆమె ఎదురుగా కూర్చుంది. “గుండు మీకు బాగుంది అంకుల్. డబ్బా క్లీన్ చేసేశాను. ట్రస్ట్ మీ. అది ఎటు చెప్తే అటు పోవడమే.”

దేవానందం బనియను లోపల నాలుగు మడతలు పెట్టిన కాగితం పటం ఉంది. అంచు బయటికి కనిపించింది. రోజీ నవ్వింది.

“ఇంకా కాగితమా? పైన శాటిలైట్లు తిరుగుతుంటే?”

“శాటిలైట్ నువ్వు చెప్పింది వింటది. కాగితం ఎవని మాట వినదు.”

“అందుకే ఎవరూ దాని మాట వినరు,” అంటూ లేచింది. ఆమె కప్పులో చాయ్ అలాగే ఉంది.

*

వ్యాను తెల్లది. మీద బిస్కెట్ కంపెనీ బొమ్మ. గైరోస్కోప్ వెనక స్పాంజి మధ్య పెట్టెలో ఉంది. స్టీరింగ్ దగ్గర శివ. ముప్పై దాటి ఉండవు, చెవుల దగ్గర వెంట్రుకలు అప్పుడే నెరిశాయి.

“ఏం కాకా, కొత్తనా? పేరేంది?”

“సత్తయ్య.”

“మంచిగ పట్టుకొని కూసో. ఈ తలుపుకు గడియ సక్కగ పడదు.”

అద్దం కింద డబ్బా వెలిగింది. ఆడగొంతు ఇంగ్లీషులో తిన్నగా పొమ్మంది. శివ దాని వైపు చూడలేదు.

“దీని మొకం సూడబుద్ధి గాదు. పీకుదామంటే ఆఫీసుల గంట మోగుతదట. మోగేదేమో దీనికి, మొట్టికాయలు మాకు.”

హబ్సిగూడ వైపు మలుపులో కళ్ళజోడు అంచున నల్ల సుమో కనిపించింది. తర్వాతి మలుపులోనూ ఉంది.

ఉప్పల్ చౌరస్తాకు అర కిలోమీటరు ముందే రోడ్డు మూసుకుపోయింది. జెండాలు, డప్పులు, రోడ్డు మధ్యలో రాళ్ళపొయ్యిలు. వంటావార్పు. ఉడుకుతున్న పప్పు వాసన.

డబ్బా వెంటనే దారి మార్చింది. వెనక్కి తిరిగి మల్లాపూర్ మీదుగా చెంగిచెర్ల పొమ్మంది.

చెంగిచెర్ల. రోజీ డబ్బాను క్లీన్ చేసింది నిజమే. ఎవరి కోసం చేసిందన్నదే తేడా.

డప్పుల మోత చాటున దేవానందం గడియారం నొక్కి నోటి దగ్గర పెట్టుకుని దగ్గాడు. “కాపలా రావాల్సిన మనోళ్ళ జీపు ఏడుంది?”

“చౌరస్తాలో,” భూషణం గొంతు సన్నగా వచ్చింది. “జీపు చుట్టూ వంటావార్పు. బానెట్ మీద ఉల్లిగడ్డలు తరుగుతున్నారు. నువ్వే చూసుకో.”

శివ బండి వెనక్కి తిప్పాడు. దేవానందం కాగితం తీసి మోకాళ్ళ మీద పరిచాడు. నలభై ఏళ్ళనాటి షీటు. శివ ఓరకంట చూసి పకపక నవ్వాడు.

“కాకా, నీ కాగితంల బోడుప్పల్ అంత వరి పొలమున్నది. దిగు మరి, నాటేసొద్దాం.”

నిజమే. ఆ పటంలో కాలనీలు లేవు. డబ్బా అబద్ధం చెబుతోంది, కాగితం చచ్చిపోయింది.

“నీకు తోవలు ఎట్ల తెలుస్తయ్ మరి?”

శివ సీటు కింద నుంచి ఒక లాంగ్‌బుక్కు తీసి అతని ఒళ్ళో పడేశాడు. “నేనే గీస్కున్న. ప్రతి ఐతారం నడిచి. నాచారం, రామంతాపూర్, ఇటు మేడిపల్లి దాక.”

బాల్‌పెన్ను గీతలు. వంకరటింకరగా ఉన్నా కొలతలు అడుగుల్లో ఉన్నాయి. ఏ సందులో ఏ బండి పడుతుంది, ఎక్కడ గేటు, ఎక్కడ కుక్కలు, ఎక్కడ వానకు నీళ్ళు నిలుస్తాయి. ముప్పై ఏళ్ళు పటాలు గీసిన దేవానందం ఇంత నిజమైన పటం చూడలేదు.

“ఎందుకింత కష్టం?” అని అడిగాడు. అడగకుండా ఉండాల్సింది.

“ఒక తల్లిని సంపిన కాకా,” అన్నాడు శివ మామూలుగా. “డబ్బ మాటిని తప్పు తోవల పోయిన. ఎన్క ఆమె ‘అయ్యా, ఇంకెంత దూరం’ అని అడుగుతనే ఉన్నది. మల్లొక్కలకు అట్ల గాకుండ రాస్తున్న.”

దేవానందం పేజీ తిప్పాడు. చెరువు కట్ట దగ్గర ఎర్రపెన్నుతో ఇంటూ మార్కు. కింద రెండు ముక్కలు: ఇక్కడ దారి లేదు. తప్పు నాది.

మార్తమ్మ ఏదో అడిగిందని దేవానందానికి ఇంతవరకు తెలియదు. ఎవరినీ అడగలేదు కాబట్టి తెలియదు. అక్షరాలు అలుక్కుపోయాయి. కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నాడు. అంచున నల్ల సుమో, రెండు వందల గజాలు. ముందు సీట్లో నల్ల గాగుల్స్. రోజీ ఒళ్ళోని స్క్రీన్ చూస్తోంది.

వాళ్ళు వ్యానును చూడటం లేదు. వ్యాను చుక్కను చూస్తున్నారు.

దేవానందానికి అప్పుడు తట్టింది. ఆ స్క్రీన్ మీద ఉన్న పటం ఎవరిదో వాళ్ళకంటే అతనికే బాగా తెలుసు.

“ఎడమకు తిప్పు,” అన్నాడు. “చెరువు కట్టకు పో.”

శివ బ్రేకు వేశాడు. వ్యాను ఆగిపోయింది.

“పోను.”

“ఎన్క సుమోల ఉన్నోళ్ళు నిన్ను సంపుతరు. తిప్పు!”

“వాళ్ళో, నువ్వో?” శివ స్టీరింగ్ వదిలి అతని వైపు తిరిగాడు. “నువ్వు ఎక్కంగనే గుర్తుపట్టిన సార్. గుండు గీయించుకుంటే చెయ్యి మారుతదా? గా చెయ్యే గద నా చెంప మీద పడ్డది. నువ్వు ఆమె మొగునివి. మూడేండ్లకు వచ్చినవ్. సంపుతానికే వచ్చినవ్. సంపితే ఈడనే సంపు. కట్ట మీదికి మాత్రం తీస్కపోకు, దండం పెడ్త.”

నూట యాభై గజాలు.

దేవానందం నోరు తెరిచాడు. శత్రువుల చేతికి చిక్కితే నోరు విప్పకూడదని అతనికి ట్రైనింగ్ ఇచ్చారు. ఎట్లా విప్పాలో ఇవ్వలేదు.

వంద గజాలు.

“ఆ దారి నేనే గీసిన,” అన్నాడు.

“ఏం దారి?”

“చెరువు మీది దారి. డబ్బల ఉన్నది. లేదని తెలిసే గీసిన. దొంగలను పట్టెతందుకు గీసిన. తీసేద్దామంటే వద్దని సంతకం జేసిన. నీ తప్పు లేకుండె. నాకు మొదలే తెలుసు. తెలిసే కొట్టిన.”

శివ కదల్లేదు. కళ్ళు మాత్రం పెద్దవయ్యాయి. సుమో హారన్ మోగింది.

“వాళ్ళు గా పటం మీదనే నడుస్తున్నరు శివా. తిప్పు.”

శివ గేరు వేసిన తీరుకు వ్యాను ముందుకు దూకింది.

నాచారం సందులు. మొదటి మలుపు, రెండో మలుపు. కోళ్ళు ఎగిరాయి. ఎవరో ముసలావిడ బకెట్టుతో సహా అరుగెక్కి తిట్టింది. “బంద్ నాడు బండి నడుపుతవార నీ బండి గూల!”

“కట్ట ఎక్కే కాడ ఎడమ దిక్కు సందున్నది,” శివ చెప్పాడు. “ఏడడుగులు. వ్యాన్ ఆరున్నర. అద్దం లోపలికి మడువు. ముప్పై ఆరో పేజీ, కావాల్నంటే సూడు.”

“సూడ. నువ్వు చెప్పినవ్ గద.”

వ్యాను ఎడమకు తిరిగే ముందు ఒక్క క్షణం నెమ్మదించింది. దేవానందం డబ్బాను వైర్లతో సహా పీకాడు. బ్యాటరీ ఉంది, ఆడగొంతు ఇంకా తిన్నగా పొమ్మంటోంది. గడియ పడని తలుపు తోసి దూకాడు, కట్ట మీదికి నాలుగు అంగల్లో ఎక్కాడు. అవతల చెరువంతా గుర్రపుడెక్క. పచ్చగా, మైదానంలా ఉంది. చెయ్యి తిప్పి బలంకొద్దీ విసిరాడు. డబ్బా ఇరవై గజాల అవతల గుర్రపుడెక్క మీద పడింది. మునగలేదు. అక్కడి నుంచే దారి చెబుతోంది.

దేవానందం కట్ట పక్కకు పొర్లాడు.

సుమోలో రోజీ ఒళ్ళోని స్క్రీన్ మీద నల్లటి రోడ్డు తిన్నగా ఉంది. దాని మీద, కాస్త ముందర, వ్యాను చుక్క ఉంది. డ్రైవర్ యాక్సిలరేటర్ అదిమాడు. సుమో కట్ట ఎక్కింది. కట్ట మీద ఆగలేదు. గాలిలో కాసేపు నిజంగానే ఆ రోడ్డు మీద పోతున్నట్టే పోయింది.

తర్వాత పచ్చటి మైదానం నోరు తెరిచి దాన్ని కిటికీల దాకా మింగింది.

ఇద్దరు మనుషులు తుపాకులు పైకెత్తి ఛాతీల దాకా బురదలో నిలబడ్డారు. తుపాకుల గొట్టాల నిండా బురద. రోజీ సుమో పైకప్పు ఎక్కింది. ఒక చెప్పు లేదు. గాగుల్స్ ఉన్నాయి.

“అంకుల్!” అని అరిచింది. “నేను మన మనిషినే!”

“ఎరికే,” అన్నాడు దేవానందం. “వాళ్ళ మనిషివి గూడ.”

చప్పుడుకు బంద్ జనం జెండాలతో పరుగెత్తుకొచ్చారు. చూసింది బంద్ నాడు రోడ్డెక్కిన సుమోను మాత్రమే. “బాబూ, బంద్ అంటే మజాకా అయిందా? చెర్ల నుంచి తిప్పుకపోదామనుకున్నరా?” అంటూ తాళ్ళు విసిరి ముగ్గురినీ పైకి లాగారు, లాగిన తాళ్ళతోనే కట్టేశారు. పోలీసులు వచ్చేదాకా కదలనివ్వమన్నారు. దేశరక్షణ అంత శ్రద్ధగా జరగడం విభాగం చరిత్రలో మొదటిసారి.

*

శివ సందు చివర ఆగి ఉన్నాడు. దేవానందం ఎక్కాడు. లాంగ్‌బుక్కు దారిలో, కాలనీల వెనకాలగా, ఎక్కడా హైవే ఎక్కకుండా వ్యాను మేడిపల్లి దాటింది. పన్నెండు యాభై ఎనిమిదికి టెస్ట్ సెంటర్ గేటు తెరుచుకుంది. పెట్టె లోపలికి పోయింది.

గేటు బయట శివ ఇంజను ఆపాడు.

“మూడేండ్లు సార్. రెండు నెలలు అన్నం సైసలే. లగ్గం తప్పిపోయింది. మా అమ్మ గూడ ఒకనాడు కోపంల ‘ఒక ఇంటి దీపం ఆర్పినోనివి’ అన్నది. నువ్వొక్క మాట జెప్తే అయిపోవు.”

“సర్కారు రహస్యం.”

“రహస్యమా? భయమా?”

దేవానందం తల మీది తువ్వాలు తీశాడు. “రహస్యం సర్కారుది. భయం నాది.”

“రాసిస్త. నీ కంప్లైంట్ వాపస్ తీస్కుంట,” అన్నాడు దేవానందం వెంటనే.

“కాగితం వద్దు.” శివ ఫోన్ తీసి నొక్కాడు. “మా అమ్మ, కౌసల్యమ్మ. నోటితోని జెప్పు.”

ఫోన్ అవతల ముసలి గొంతు పలికింది. “హలో, ఎవలు బిడ్డా?”

“అమ్మా, నేను చనిపోయిన మార్తమ్మ పెనిమిటిని. నీ కొడుకు తప్పు లేదు. ఆ తోవ తప్పు. ఆ తప్పు నాది.”

అవతల కుక్కర్ విజిల్ వినిపించింది.

“నిజమేనా బిడ్డా?”

“నిజమే.”

“మరి ఇన్నొద్దులు ఏడవోయినవ్?”

దేవానందం ఫోన్ శివకు ఇచ్చేశాడు. శివ “ఆఁ అమ్మా, వస్తున్న, నువ్వు తిను, నాకు ఎత్తిపెట్టు” అని పెట్టేశాడు.

“మాఫ్ జేస్తవా?” అన్నాడు దేవానందం.

“దిగు సార్.”

దిగాడు. వ్యాను వెళ్ళిపోయింది. అద్దంలో ఒక్కసారి కూడా చూడకుండా పోయిందని దేవానందం గమనించాడు. తానైనా చూసేవాడు కాదు.

బంద్. షేర్ ఆటో కూడా లేదు. ఉప్పల్ దాకా నడక. ఎండలో గుండు మండింది. అర కిలోమీటరు నడిచాక గడియారం పలికింది.

“శభాష్!” అన్నాడు భూషణం. “ఎర దారి పనిచేసింది! ఢిల్లీ వాళ్ళు గాల్లో తేలుతున్నారు. నాలుగేళ్ళ కిందట నువ్వు గీసిన గీత! రేపు ఇద్దరు ఆఫీసర్లు వస్తున్నారు. ఆ దారి కథ మొదటి నుంచి నీ నోటితో వినాలట. మళ్ళీ మెడల్ రాస్తారు.”

“మెడల్ అక్కర్లేదు సార్. ఆ దారిని డబ్బలకెల్లి తీయించండి. ఇయ్యాలనే.”

“తీయిస్తాం, తీయిస్తాం. ముందు నువ్వు వచ్చి చెప్పు.”

“చెప్పాల్సిన మనిషికి చెప్పిన.”

“ఎవరికి? అది సీక్రెట్ కదయ్యా!”

“ఒక్కసారి చెప్పిన. రెండోసారి లేదు. ఢిల్లీకి లేదు, మీకు లేదు, పాస్టరుకు లేదు.”

“దేవానందం, ఇది ఆర్డర్.”

“ఆర్డర్ రాసుకోండి సార్. ఆ దారి గురించి ఈ నోరు ఇంక లేవదు.”